కిటికీ బుట్టా, నా కుడి మోకాలూ

మోకాళ్ళ నొప్పి అనగానే అందరికీ ముసలమ్మలే గుర్తుకొస్తారు. నాకూ అంతే. పొద్దున్నే అరుగుల మీద కాళ్ళు చాపుకుని నూనె రాసుకునే పెద్దవాళ్ళను చూసి, అయ్యో పాపం అనుకుంటూ వాళ్ళ పక్కనుంచే గబగబా పోయేదాన్ని. ఆ నొప్పి ఇరవై ఎనిమిదేళ్ళకే నాకు వస్తుందని, వచ్చి నన్ను మేడ మీద గదిలో పెట్టి తాళం వేసినట్టు చేస్తుందని, చివరికి నా బిడ్డ కూడా నా దగ్గర లేకుండా పోతుందని ఎవరైనా చెప్పి ఉంటే నవ్వేదాన్ని.

ఇప్పుడు కాస్త తిరుగుతున్నాను కాబట్టి రాయగలుగుతున్నాను. ఏడో తరగతి దాకే చదివాను, తప్పులుంటే మీరే సర్దుకుని చదవండి. రాస్తే నా గుండె కొంచెం నిమ్మళిస్తుంది. నాలాగే ఎవరైనా మంచానికి అతుక్కుపోయి కిటికీ వంక చూస్తూ ఉంటే వాళ్ళకూ పనికొస్తుంది.

మేముండేది లాల్‌దర్వాజాలో ఒక సన్న గల్లీలో. కింద ఇంటివాళ్ళు, మేడ మీద కిరాయికి మేము. మా ఆయన కరెంటాఫీసులో లైన్‌మన్. ఆయనా, నేనూ, మా అత్తమ్మా, అయిదేళ్ళ మా రేణుకా, మొత్తం నలుగురం. నల్లా కిందే, పాయిఖానా కిందే. పైకి రావాలంటే రెండు గోడల మధ్య ఇరుకు రాతిమెట్లు. పట్టుకోవడానికి కడ్డీ లేదు, పట్టపగలు కూడా చీకటే. అందుకే మా గల్లీలో మేడల మీద ఉండేవాళ్ళందరి కిటికీలకూ ఒక తాడు, దాని చివర ఒక వెదురు బుట్ట ఉంటాయి. కూరగాయల బండి వస్తే బుట్ట కిందికి దింపుతాం, కావలసినవి వేయించుకుని పైకి గుంజుకుంటాం. ఆ బుట్టను చూసి ఎంత సుఖమో అనుకునేదాన్ని. దాని సంగతి తర్వాత చెప్తాను.

ఆషాఢం

డెబ్బై ఎనిమిది ఆషాఢం అది. బోనాల ముందు ప్రతి ఇంట్లోనూ సున్నాలూ, కడుగుళ్ళూ. నేనూ పొద్దంతా గొంతుక్కూర్చుని గచ్చు తోమాను. సాయంత్రం కింద నల్లా దగ్గర బిందె నింపుకుని మెట్లెక్కుతుంటే, సగం దారిలో కుడి మోకాలు ఆగిపోయింది. గొళ్ళెం పడ్డ తలుపులాగ, ఇటూ లేదు అటూ లేదు. బిందె చేతిలోంచి జారి మోగుకుంటూ కిందికి పోయింది. నేను గోడకు ఆనుకుని ఆ తడిలోనే కూలబడ్డాను.

ఆ కాలికి పాత కథ ఒకటుంది. పురానాపూల్‌లో మా అమ్మగారింట్లో ఉన్నప్పుడు, జామకాయల కోసం గోడెక్కి పడ్డాను. పదకొండేళ్ళుంటాయేమో. మోకాలు గుమ్మడికాయంత అయింది. మా బాపు నన్ను భుజమ్మీద వేసుకుని కట్లు కట్టే పహిల్వాన్ దగ్గరికి తీసుకుపోయాడు. ఆయన కోడిగుడ్డు సొనలో ఏదో పొడి కలిపి కట్టు కట్టాడు. వాపు పోయింది, నేను నడిచాను, అందరం మరిచిపోయాం. పెళ్ళయ్యాక నీళ్ళు మోశాను, బిడ్డను చంకనేసుకుని మెట్లెక్కాను, ఇంట్లో మిషను తొక్కి గల్లీ అందరికీ రవికెలు కుట్టాను. మోకాలు అప్పుడప్పుడు కటకటమనేది. ఎవరు పట్టించుకుంటారు?

మర్నాడు మా ఆయనా, కింద ఇంటాయనా కలిసి నన్ను కుర్చీలో కూర్చోబెట్టి మెట్లు దింపారు. గల్లీ గల్లీ అంతా బయటికొచ్చి చూసింది. నేను కొంగు మొహాన కప్పుకున్నాను. రిక్షాలో పెద్దదవాఖానకు పోయాం.

అక్కడి బల్లల మీద అంతా తెల్లజుట్టు వాళ్ళే. నా పక్కన కూర్చున్న ఒక ముసలమ్మ అడిగింది.

"ఎవలకమ్మా నొప్పి? మీ అత్తకా?"

"నాకే."

"నీకా! ఓ అవ్వా, చూసిన్రా, ఈ పోరికి మన రోగమొచ్చింది!"

బల్లంతా పకపకా నవ్వింది. నాకు ఏడుపొచ్చింది. అది చూసి ఆమే పక్కకు జరిగి, నా కాలు ఎత్తి తన ఒళ్ళో పెట్టుకుంది. "చాపుకో బిడ్డా. లైను ఇప్పట్ల కదలది" అంది. డాక్టరు పిలిచేదాకా నా కాలు ఆమె ఒళ్ళోనే ఉంది. పేరు కూడా అడగలేదు నేను.

డాక్టరుగారు ఎక్స్‌రే వెలుతురుకు పెట్టి చూశారు. "ఎప్పటిదో దెబ్బ. లోపల గుజ్జు అరిగింది. వయసు మీద పడ్డంక రావాల్సింది, నీకు ముందే వచ్చింది" అన్నారు.

"మళ్ళ మంచిగైతదా సార్?" అని మా ఆయన అడిగాడు.

"అరిగింది మళ్ళ రాదు. కాని మంచిగ నడవొచ్చు. గోలీలు వేసుకో, నాలుగు రోజులు ఆరాం తీసుకో. వాపు తగ్గినంక మళ్ళ రా, కసరత్తు నేర్పిస్తరు."

ఇన్ని మాటల్లో మేం ఇంటికి తెచ్చుకున్నవి రెండే. ఒకటి 'అరిగింది మళ్ళ రాదు', రెండోది 'ఆరాం'. కసరత్తు అన్న మాట ఆ దవాఖానలోనే ఉండిపోయింది.

దసరా దాకా

ఇంటికొచ్చాక మా అత్తమ్మ ఆలోచించి ఒక మాట చెప్పింది. "చెప్పు ఎందుకరుగుతది? నడుస్తే అరుగుతది. మోకాలు సుత గంతే. నడవకుంటే అరగది."

మా అందరికీ అది మహా తెలివైన మాటగా తోచింది. మా ఆయన తలూపాడు. కింద ఇంటామె తలూపింది. నేనూ తలూపాను.

అత్తమ్మ తన పాత చీరను దిండు గలీబుగా కుట్టి, దూది కూరి, మెత్తటి గుండ్రటి దిండు చేసింది. నా మోకాలు వంచి దాని కింద పెట్టింది. అబ్బ, ఎంత హాయిగా ఉండేదో. ఆ దిండు తీస్తే నొప్పి, పెడితే సుఖం. కాబట్టి పొద్దుగూకులూ అది మోకాలి కిందే ఉండేది. నీళ్ళు అత్తమ్మే మోసేది. నేను కింద పాయిఖానాకు పోలేను కాబట్టి, చెప్పుకోవడానికి సిగ్గేస్తుంది, నా తట్ట కూడా ఆమే తీసేది. ఒక్కనాడు మొహం చిట్లించలేదు.

మిగిలినవన్నీ బుట్టలో వచ్చేవి. కూరగాయలు, పాలు, గోలీలు. ఎదురింటామె చేసిన వేడి వేడి సర్వపిండి కూడా ఆకులో చుట్టుకుని బుట్టెక్కి వచ్చింది. కూరగాయల సత్తార్ భాయ్ నేను అడగకుండానే కొత్తిమీర కట్ట ఒకటి పైన పెట్టేవాడు. "కైసే హై అమ్మా, కాలు ఎట్లున్నది?" అని కింది నుంచి అరిచేవాడు. ఆ మంచితనం నేనెప్పటికీ మరవను. కానీ ఇప్పుడు ఆలోచిస్తే అనిపిస్తుంది, అన్నీ పైకి రాబట్టే కదా నేను కిందికి పోవలసిన పని లేకుండా పోయింది.

మంచం కిటికీ పక్కకు జరిపారు. అదే నా లోకం. ఎదురుగా పెచ్చులూడిన గోడ, పైన తువ్వాలంత ఆకాశం, కింద గల్లీ. గల్లీలో మనుషుల మొహాలు కనబడేవి కావు, నడినెత్తులే కనబడేవి. ఎవరికి బట్టతల వస్తోంది, ఎవరి పాపిట వంకర పోయింది, ఎవరు నూనె పెట్టుకోలేదు, అన్నీ నాకు తెలుసు. మూలన నా మిషను మీద దుప్పటి కప్పారు. తెల్లదుప్పటి. దాని వంక చూడబుద్ధయ్యేది కాదు.

ఒకరోజు మధ్యాహ్నం అత్తమ్మ నీళ్ళకు కిందికి పోయింది. నాకు కళ్ళు మూతలు పడుతున్నాయి. తెరిచి చూస్తే రేణుక కిటికీ గట్టెక్కి, ఒక కాలు బుట్టలో పెట్టి నిలబడి ఉంది. మా కిటికీకి చువ్వలు సగం దాకే.

"అమ్మా, నేను బుట్టల దిగుత. నువ్వు తాడు పట్కో."

లేవబోయాను. కాలు రాలేదు. రెండు మూరల దూరంలో నా బిడ్డ ఉంది, నా చెయ్యి అందదు. అరిచాను. ఏమని అరిచానో తెలీదు. కింద సత్తార్ భాయ్ బండి వదిలేసి రెండు చేతులూ పైకి చాపి, "నక్కో బేటీ, నక్కో! అందర్ జా!" అని, వద్దు, లోపలికి పొమ్మని అరుస్తున్నాడు. ఆ అరుపులకు అది భయపడి ఏడుస్తూ లోపలికి దూకింది.

ఆ సాయంత్రమే సంగతి తెలిసి మొఘల్‌పురా నుంచి మా వదినె వచ్చింది. మా ఆయన అక్క. ఇద్దరు కొడుకులు పెద్దవాళ్ళయ్యారు, ఆడపిల్ల లేదని ఆమెకు మనసులో ఉంది. వస్తూనే రేణుకను ఒళ్ళో కూర్చోబెట్టుకుంది.

"పిల్లను నేను తోల్కపోత తమ్మీ. సుగుణ కాలు మంచిగయ్యేదాక నా కాడనే ఉంటది."

"ఎన్ని దినాలు వదినె?" అన్నాను.

"నన్నడుగుతవేంది? నీ కాలునడుగు."

అత్తమ్మ కళ్ళు తుడుచుకుంటూ బట్టలు మూట కట్టింది. నేను వద్దనలేకపోయాను, మధ్యాహ్నం చూసిందే ఇంకా కళ్ళ ముందుంది.

వాళ్ళు గల్లీలోకి పోయాక కింది నుంచి రేణుక గొంతు వినిపించింది. "అమ్మా, బుట్ట గుంజు!" గుంజాను. అందులో దాని చెప్పు ఒకటి ఉంది. ఒంటి చెప్పుతో తీసుకుపోలేరు కదా అని దాని తెలివి. వదినె వంగి దాన్ని చంకకెత్తుకుని నడిచిపోయింది. మలుపు తిరిగేదాకా వాళ్ళ నెత్తులు చూశాను. ఆ చెప్పు నా దిండు కింద పెట్టుకున్నాను.

చలికాలం

మొదట్లో ప్రతి ఐతారం వదినె పిల్లను తెచ్చేది. పోయేటప్పుడు అది మంచం కోడు పట్టుకుని ఏడ్చేది, నేను ఏడ్చేదాన్ని. కొన్ని వారాలయ్యాక వదినె, "పైకొస్తే ఒకటే లొల్లి. కింది నుంచే చూపిస్త" అంది. అప్పట్నుంచి నా బిడ్డ నడినెత్తి చూడటమే మిగిలింది. నేను బుట్టలో చాక్లెట్లు దింపేదాన్ని. అది తీసుకుని ఖాళీ బుట్టను ఊపేది.

నడవకపోతే అరగదన్నారు కదా. మరి నొప్పి తగ్గాలి కదా. తగ్గలేదు, పైగా మోకాలు వంగినది వంగినట్టే బిగుసుకుంది. చాపుదామంటే వెనక తాడుతో కట్టేసినట్టు. చలికి పొద్దున్నే మరీ. మా ఆయన నన్ను లేపి నిలబెడితే కాలు వణికి మడతపడిపోయేది. ఒకనాడు తొడల మీద చెయ్యేసి చూసుకున్నాను. ఎడమది మామూలుగా ఉంది, కుడిది కట్టెలాగ. నా కాలేనా ఇది అని భయమేసింది.

ఆ భయంలో ఉండగానే వదినె ఒక ఐతారం గల్లీలో నిలబడి చెప్పింది. "సుగుణా, బడులు తెరిస్తే పిల్లను మా ఇంటికాడ బడిల వేస్త. ఒకసారి పేరు రాయిస్తే సాలంత ఆడనే."

పక్కనే నా మిషను దుప్పటి. నా మీద కూడా ఎవరో దుప్పటి కప్పుతున్నట్టు అనిపించింది.

మా ఆయన ఇంటికి రాగానే అరిచాను. "నా బిడ్డ నాకు గావాలె. బడికి నేను తోల్కపోత."

"ఎట్ల తోల్కపోతవ్? మెట్లు దిగుతవా చెప్పు? దిగుత అను, ఇప్పుడే పోయి తీస్కొస్త."

ఆయనది కోపం కాదు. అలిసిపోయిన గొంతు. "నన్ను మళ్ళ దవాఖానకు తీస్కపో" అన్నాను.

"మళ్ళ కుర్చీల దింపుడా? మళ్ళ గా తమాషానా?" అంది అత్తమ్మ.

"చూస్తే చూడనీ అత్తమ్మా."

ఈసారి డాక్టరుగారు నా కాలు చూసి తల పట్టుకున్నారు. పక్క గదికి పంపించారు. అది కసరత్తు గది. గోడకు నిచ్చెనలాంటి కట్టెలు, ఇసుక సంచులు, ఎత్తు బల్లలు. అక్కడి మేడం పేరు గ్రేస్. లావుపాటి మనిషి, గట్టి గొంతు. నన్ను బల్ల మీద పడుకోబెట్టి మోకాలు నొక్కి చూసింది.

"పండుకున్నప్పుడు దీని కింద ఏమన్న పెడుతున్నవా?"

"మెత్త పెడుతున్న మేడం."

"రోజంతనా? ఎవలు పెట్టమన్నరు?"

నేను చెప్పకముందే అత్తమ్మ ముందుకొచ్చింది. "నేనే పెట్టిన. పిల్లకు జర సుకమైతదని పెట్టిన. తప్పా?"

"తప్పని ఎవరన్నరమ్మా? ప్రేమతోటే పెట్టినవ్. కాని మోకాలుకు ప్రేమ తెల్వది. ఎట్ల వంచి పెడితే అట్లనే ఉండిపోతది."

"నడిస్తే అరుగుతది గద మేడం, చెప్పు లెక్క?" అన్నాను నేను.

"చెప్పుకు పానమున్నదా? నీ తొడకున్నది. తొడల కండ గట్టిగుంటే సగం బరువు అది మోస్తది. నువ్వు పండుకొని పండుకొని కండ కరగబెట్టినవ్. ఇగ బరువంత మోకాలు మీదనే. పాపం అదేం జేస్తది?"

నేర్పింది చాలా చిన్న పని. కాలు చాపి, మోకాలి కింద తువ్వాలు చుట్టి పెట్టి, దాన్ని మోకాలితో కిందికి నొక్కాలి. తొడ బిగుసుకోవాలి. కాసేపు పట్టి వదలాలి. అది వచ్చాక రెండో మోకాలు వంచి, ఈ కాలు నిటారుగా కొంచెం పైకి లేపాలి. అది కూడా వచ్చాక మంచం అంచున కూర్చుని కాలు ముందుకు చాపాలి. అంతే. ఇదా మందు అనుకున్నాను. కానీ ఆ తువ్వాలు నొక్కబోతే నా తొడ కదలనే లేదు. ఎంత చెప్పినా వినని కూలిమనిషిలాగ పడి ఉంది.

"నొప్పైతే?"

"జేసేటప్పుడు కొంచెం అయితది, భయపడకు. మర్నాడు పొద్దుగాల వాపొచ్చిందనుకో, నిన్న ఎక్కువ జేసినవన్నట్టు. తగ్గించు. బంద్ మాత్రం జెయ్యకు."

"ఎంతసేపు పట్టాలె మేడం? మా ఇంట్ల గడియారం లేదు."

"ఏదన్న పాట అనుకో. అది అయ్యేదాక పట్టు."

రిక్షాలో అత్తమ్మ మొహం పక్కకు తిప్పుకుని కూర్చుంది. ఇంటికి రాగానే ఆ దిండు తీసి అటక మీదికి విసిరింది. "ఇగ నీ కాలు నువ్వే జూస్కో. నేను ప్రేమతోటి జేస్తే నాదే తప్పైంది" అంది. ఆ రోజు నుంచి నాతో మాటలు మానేసింది. ఒకే గదిలో ఇద్దరు ఆడవాళ్ళు మాట్లాడుకోకపోతే ఆ గది ఎంత చిన్నదవుతుందో చెప్పలేను.

సంక్రాంతి తర్వాత

నాకు పాటలు పాడుతూ కాలు బిగించడం రాలేదు, రెండిట్లో ఏదో ఒకటే వచ్చేది. ఒక పొద్దున సత్తార్ భాయ్ కేక వినిపించింది. "ఆలూ లేలో, పియాజ్ లేలో, టమాటా తాజా, బైంగన్ తాజా, పాలక్ లేలోఓఓ..." అది చాలా పొడుగు కేక. అది మొదలవగానే తువ్వాలు నొక్కాను, ఆ చివరి ఓ అయ్యాక వదిలాను. తొడలో సన్నగా ఏదో కదిలింది. మళ్ళీ కేక, మళ్ళీ నొక్కుడు.

నాలుగు రోజులకే ఆశ పుట్టింది. ఆశతో పాటు తొందర. పిల్ల పేరు బడిలో రాయించకముందే నడవాలి కదా. ఒకరోజు పొద్దంతా చేశాను, లేచి గోడ పట్టుకుని నిలబడ్డాను కూడా. మర్నాడు మోకాలు మళ్ళీ వాచింది.

"చెప్పిన్నా లేదా?" అంది అత్తమ్మ. ఇన్నాళ్ళకు మాట్లాడిన మాట అది.

గోడ వైపు తిరిగి పడుకున్నాను. ఇంతేలే అనుకున్నాను. ఆ పూట సత్తార్ భాయ్ కేక వేసుకుంటూ పోయాడు, నేను కాలు కదపలేదు.

మధ్యాహ్నం అత్తమ్మ బిందెతో మెట్లెక్కి వస్తోంది. రోజూ వినే చప్పుడే. ధన్‌మని ఒక అడుగు, ఆగుడు. మళ్ళీ ధన్‌మని ఒక అడుగు. ఇన్నాళ్ళూ నా మీద కోపంతో అలా అడుగులేస్తోందని అనుకునేదాన్ని. ఆ రోజు గోడకు చెవి ఆని ఉన్నానేమో, ఆగిన ప్రతిసారీ సన్నటి మూలుగు కూడా వినిపించింది. పైకొచ్చి బిందె దించి, గడప మీద కూర్చుని, చీర మీదుగానే రెండు మోకాళ్ళూ రుద్దుకుంది.

"అత్తమ్మా, నీకు సుత నొస్తున్నయా?"

"నొయ్యకేమైతది? నాకేమన్న పదారేండ్లా?"

"ఎన్నాళ్ళ సంది?"

"నీ పెండ్లి గాకముందటి సంది."

"మరి చెప్పలేదేంది?"

"చెప్తే ఏమైతుండె? నన్ను సుత మంచంల పండవెట్టి కాళ్ళ కింద మెత్త పెడుదురు. మరి మెట్లు ఎవలెక్కాలె? బుట్టనా?"

నవ్వొచ్చింది. నవ్వుతూనే ఏడుపొచ్చింది. అన్నేళ్ళుగా నొప్పితోనే ఎక్కీ దిగీ ఆమె నడుస్తోంది. ఆరాం చేసి చేసి నేను పడిపోయాను. మేడం చెప్పింది అప్పుడు అర్థమైంది నాకు.

"రా అత్తమ్మా, నువ్వు సుత పండు. ఇద్దరం జేద్దం."

"సిగ్గులేదా? ముసలిముండ కాళ్ళు లేపుకుంట..." అంటూనే మర్నాడు తలుపు దగ్గరగా వేసి, నా మంచం పక్కనే చాప పరిచింది.

వాపు తగ్గేదాకా ఆగి, ఈసారి కొంచెం కొంచెం చేశాను. ఇసుక సంచి కావాలంటే ఆమే గుడ్డ కుట్టి, ఇసుక నింపి, నా మడమకు కట్టింది. ఒకరోజు మా ఆయన భోజనానికి వచ్చి, ఇద్దరం కాళ్ళు పైకెత్తి ఉండటం చూసి గుమ్మంలోనే నిలబడిపోయాడు.

"ఏంది గిది? ఇంట్ల పహిల్వాన్ల తాలీంఖానా పెట్టిన్రా?"

"రా కొడుకా, నువ్వు సుత పండు. స్తంభాలెక్కుడు గాదు, గీడ కాలు లేపు సూద్దం" అంది అత్తమ్మ, కాలు దించకుండానే. చాలా రోజుల తర్వాత ఆ గదిలో మా ఆయన నవ్వాడు.

ఈ సంగతి ఎదురింటామె ద్వారా సత్తార్ భాయ్‌కి చేరింది. అప్పట్నుంచి ఆయన మా కిటికీ కిందికి రాగానే కేక పొడిగించేవాడు. ఆలూ, పియాజ్ అయిపోయాక గోబీ, గాజర్, అనార్, అంగూర్ అంటూ బండి మీద లేనివన్నీ అమ్మేవాడు. ఒకసారి ఎదురింటామె గిన్నె పట్టుకుని ఉరికొచ్చింది. "అంగూర్ ఏడున్నయ్ భాయ్?"

"అంగూర్ లేవమ్మా. అవి సుగుణమ్మ కాలు కోసం."

ఎండాకాలం

ఎండలు ముదిరేసరికి నా కాలు నిటారుగా చాపగలిగాను. గది అంతా నడిచాను. ఇక మెట్లు. గ్రేస్ మేడం దగ్గరికి మరోసారి పోయినప్పుడు ఒక మాట చెప్పింది. "ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు. దిగేటప్పుడు నొప్పి కాలు ముందు. ఇది యాది మరవకు."

మొదటి రోజు ఒక మెట్టు దిగి మళ్ళీ ఎక్కేశాను. కొన్నాళ్ళకు సగం దాకా, బిందె జారిపోయిన చోటు దాకా. అక్కడ కూర్చుని ఊపిరి తీసుకుని వెనక్కి వచ్చాను. మా ఆయన ఆఫీసు నుంచి పాత ఇనుప గొట్టం అడిగి తెచ్చి గోడకు కడ్డీ బిగించాడు. బిగించి, ఊపి చూసి, చేతులు కడుక్కున్నాడు. కింద పాయిఖానాలో నేను గొంతుక్కూర్చోకుండా మధ్యలో రంధ్రం చేసిన పీట కూడా ఆయనే చేయించాడు.

ఒక పొద్దున సత్తార్ భాయ్ కిటికీ కింద నిలబడి, "అమ్మా, బుట్ట దింపు" అన్నాడు. నేను తాడు ముడి విప్పి, బుట్ట చేత్తో పట్టుకుని, నొప్పి కాలు ముందు, మంచి కాలు వెనక, నెమ్మదిగా గల్లీలోకి దిగాను. ఆయన ఇంకా పైకే చూస్తున్నాడు.

"భాయ్, ఇటు" అన్నాను.

ఆయన నన్ను చూసి తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. కొత్తిమీర మాత్రం ఆ రోజూ ఊరికే వేశాడు.

ఇది చదివే అక్కలకు ఒక మాట చెప్పాలి. నొప్పి పూర్తిగా పోలేదు. పోదట కూడా. వానకు ముందు మోకాలు చెప్తుంది, ఇప్పటికీ నేల మీద కూర్చోను, మిషను ఎక్కువగా ఎడమ కాలితోనే తొక్కుతాను. కానీ రోజూ ఆ తువ్వాలు నొక్కుతాను. మానేసిన వారం మోకాలు నాకు లెక్క అప్పజెప్పేస్తుంది. మీకు ఏ కసరత్తు పనికొస్తుందో డాక్టర్లే చెప్పాలి, నన్ను చూసి చేయకండి. ఆరాం అన్నారని మాత్రం మంచానికి అంటుకోకండి. మళ్ళీ రమ్మంటే మళ్ళీ పోండి. కుర్చీలో దింపితే లోకం చూస్తుందని ఆగకండి. లోకం రెండు రోజులు చూసి మరిచిపోతుంది.

బడులు తెరిచే ముందు ఒక పొద్దున, ఎండెక్కకముందే మొఘల్‌పురాకు బయల్దేరాను. నేను ఒక్కదాన్నే పోతానన్నాను. అత్తమ్మ గొడుగు తెచ్చి చేతిలో పెట్టింది.

"కర్ర పట్కుంటే ముసలిదంటరు. గొడుగు పట్కో, ఎండకనుకుంటరు."

గొడుగు పొడుచుకుంటూ నడిచాను. కాలు బరువెక్కినప్పుడల్లా ఏదో ఒక అరుగు మీద కూర్చున్నాను. దారిలో మనుషుల మొహాలు కనిపిస్తున్నాయి, నెత్తులు కాదు. తెలియని వాళ్ళను కూడా కళ్ళారా చూస్తూ పోయాను. కొంగులో రేణుక చెప్పు ఉంది.

వదినె వాకిట్లో బియ్యం చెరుగుతోంది. నన్ను చూసి చాట అలాగే పట్టుకుని లేచింది. లోపల్నుంచి రేణుక వచ్చి స్తంభం వెనక నిలబడింది. పొడుగైంది. నా మొహం చూసింది, కాళ్ళ వంక చూసింది, నా వెనక గల్లీ వంక చూసింది.

"అమ్మా, బుట్టల దిగినవా?"

"లేదు బిడ్డా. కాళ్ళతోటే దిగిన."

నమ్మలేదు. దగ్గరికొచ్చి వంగి, నా కుడి మోకాలు వేలితో పొడిచి చూసింది. అప్పుడు నన్ను పట్టుకుంది. చెప్పు తొడగబోతే పాదం సగమే పట్టింది.

వదినె లోపలికి పోయి బట్టల మూట, కొత్త పలక తెచ్చింది. పలక దాని చేతికిచ్చి మొహం తిప్పుకుంది. "బడి పేరు ఈ వారం రాయిద్దామనుకున్న" అంది. తర్వాత అంది, "ఐతారం ఐతారం తోల్కరా సుగుణా. నా కాళ్ళు మంచిగనే ఉన్నయ్ గాని, గీ పిల్ల లేకుంటే ఏడికి నడవాలె?"

ఆమె మీద నాకున్న కోపమంతా ఆ ఒక్క మాటతో పోయింది. "తోల్కొస్త వదినె. నడిపిచ్చుకుంటనే తోల్కొస్త" అన్నాను.

వచ్చేటప్పుడు రేణుక ఎత్తుకోమంది. ఎత్తుకోలేనన్నాను. సరేనని నా వేలు పట్టుకుని నడిచింది. నేను అరుగు మీద కూర్చుంటే అదీ కూర్చుంది, పలక ఒళ్ళో పెట్టుకుని, నాకంటే ఎక్కువ అలిసిపోయినట్టు ఊపిరి వదులుతూ.

మా మెట్ల దగ్గరికి వచ్చాం. కడ్డీ పట్టుకుని దానికి చెప్పాను. "ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు పెట్టాలె."

అది కిందికి వంగి తన రెండు కాళ్ళనూ మార్చి మార్చి చూసుకుంది.

"నాది మంచి కాలు ఏదమ్మా?"

"నీయి రెండూ మంచియే బిడ్డా."

కాసేపు ఆలోచించింది. తర్వాత పలకను గట్టిగా హత్తుకుని, రెండు కాళ్ళూ ఒక్కసారే ఎత్తి మొదటి మెట్టు మీదికి దుంకింది. నేను కడ్డీ పట్టుకుని, దాని వెనకే, ఎడమ కాలు ముందు పెట్టాను.